విముక్తి పొందిన కుటుంబాల కాలనీలో ఒక గది మ్యూజియం: ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు?

ప్రశ్న (తిరుపతి నుంచి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు)

సభ్యులందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి, ఇప్పుడు తిరుపతిలో విశ్రాంతిగా ఉంటున్నాను. నిరుడు అమెరికాలోని సిన్సినాటిలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు రెండు ప్రదర్శనశాలలు చూశాను. వాటిని చూసిన ఉత్సాహంతో ఇక్కడ ఒక పనికి ఒప్పుకున్నాను. చేయి పెట్టకముందే నలుగురి మాట వినడం మంచిదని ఇది రాస్తున్నాను.

సిన్సినాటి ఒహాయో నది ఒడ్డున ఉంది. అంతర్యుద్ధానికి ముందు నదికి దక్షిణాన ఉన్న కెంటకీలో బానిసత్వం చట్టబద్ధం, ఉత్తరాన ఉన్న ఒహాయోలో నిషిద్ధం. ఆ ఒడ్డునే 2004లో తెరిచిన పెద్ద మ్యూజియంలో, దుంగలతో కట్టిన రెండంతస్తుల కొట్టం ఒకటి ఉంది. కెంటకీకి చెందిన ఒక బానిసల వ్యాపారి, దక్షిణాది సంతలకు తోలే ముందు మనుషులను అందులో కట్టి ఉంచేవాడు. తరువాతి కాలంలో దాని చుట్టూ పొగాకు కొట్టం కట్టుకోవడం వల్ల అసలు కట్టడం లోపల చెక్కుచెదరకుండా మిగిలింది. దాని పొడవు 30 అడుగులు, వెడల్పు 21 అడుగులు. పై అంతస్తులో ఇనుప కడియాల వరుస ఉంది, వాటి గుండా గొలుసు పోయేదట. మా తాతగారి గొడ్ల చావిడి అంతకంటే పెద్దది.

రెండవది ఇండియానా రాష్ట్రంలో ఫౌంటెన్ సిటీ అనే చిన్న ఊరిలో ఉన్న లెవీ కాఫిన్ ఇల్లు, 1839లో ఇటుకలతో కట్టినది. క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన లెవీ, కేథరిన్ దంపతులు బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారికి అక్కడ ఆశ్రయమిచ్చి, తిండి పెట్టి, ఉత్తరానికి పంపేవారు. ఆ ఇంటి నేలమాళిగలోనే బావి ఉంది. ఇంటిల్లిపాదికీ అవసరమైన దానికంటే ఎన్ని బిందెలు ఎక్కువ తోడుతున్నారో బయటివారికి తెలిసే వీలు లేదు. మేడ మీది గదిలో చూరు కింద చిన్న తలుపు ఒకటి ఉంది, దానికి అడ్డంగా మంచం జరిపితే అక్కడ తలుపు ఉన్నదనే ఎవరూ అనుకోరు. నదీతీరపు పెద్ద మ్యూజియంలో ఒక పూటంతా గడిపాను గాని, నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ బావి దగ్గర నిలబడిన పది నిమిషాలే.

ఇక ఇక్కడి సంగతి. శ్రీకాళహస్తికి కొంత దూరంలో ఒక యానాది కాలనీ ఉంది. ఊరి పేరు ప్రస్తుతానికి చెప్పను. అక్కడి కొన్ని కుటుంబాలు ఒక ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకుని, అది ఎన్నటికీ తీరని అప్పుగా మారి, పిల్లలతో సహా అక్కడే చిక్కుకుపోగా, కొన్నేళ్ల కిందట రెవెన్యూ అధికారులు వారిని విడిపించారు. ఆ ఇళ్లలో చదువుకున్న నలుగురు యువకులు, వాడుకలో లేని సామాజిక భవనంలో ఒక గదిని తమ పెద్దల కథకు కేటాయించాలని, అందుకు నా సాయం కావాలని అడిగారు. గది పదహారు అడుగులకు పన్నెండు. ఒక గోడకు చెదలు పట్టాయి. డబ్బు దాదాపు లేదు. నేను ఉండబట్టలేక ఒక పాత ఇటుక అచ్చును మాత్రం కొని తెచ్చాను.

అక్కడ కథలోని మనుషులు పోయి నూరేళ్లు దాటింది, ఇక్కడ వారు గది పక్కనే కాపురముంటున్నారు. పని ఇచ్చినవాడు కూడా పది మైళ్ల లోపే ఉన్నాడు. అలాంటప్పుడు పేర్లు రాయవచ్చునా, రాయకూడదా? ఎలా బయటపడ్డారో వివరంగా చెప్పవచ్చునా? వీటన్నిటికంటే ముందు, దీనిని బానిసత్వం అనాలా, వెట్టి అనాలా, మరేదైనా మాట ఉన్నదా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (చిత్తూరు సొంత ఊరు, ప్రస్తుతం ఒహాయోలో ఉద్యోగం)

అయ్యవారికి నమస్కారం. మీరు చూసిన ఆ రెండింటికీ మా ఇంటికి వచ్చిన బంధువులను తీసుకుపోవడం నాకు అలవాటైంది కాబట్టి కొన్ని సంగతులు చెప్పగలను.

మొదటిది, అందమైన కట్టుకథల జోలికి పోవద్దు. ఇక్కడ ప్రతి పాత ఇంటి కిందా సొరంగం ఉండేదని, కిటికీలలో ఆరవేసిన బొంతల మీది గుర్తులు పారిపోయేవారికి దారి చూపేవని చెప్పుకుంటారు. ఆ బొంతల సంకేతాలకు ఆనాటి ఆధారమేదీ లేదని చరిత్రకారులు ఎంత చెప్పినా, పిల్లల పుస్తకాలలో ఆ కథ చావడం లేదు. కట్టుకథ ఒకటి గోడకెక్కితే, దాని పక్కన ఉన్న నిజానికి కూడా విలువ తగ్గుతుంది. బావి మీకు గుర్తుండిపోవడానికి కారణం అది బావి కావడమే, తోడుకోవడానికి నీళ్లున్న మామూలు బావి.

రెండవది, సాయపడినవారి మ్యూజియంగా దానిని మార్చవద్దు. లెవీ కాఫిన్ మంచివాడే, సందేహం లేదు. కానీ ఆ ఇంటి గడప దాకా వచ్చినవారు అప్పటికే రాత్రుళ్లు నడిచి, నది దాటి, తమ ప్రాణాలకు తామే తెగించి వచ్చినవారు. వీలైతే మరోసారి వచ్చినప్పుడు సిన్సినాటికి ఎగువన ఉన్న రిప్లీ అనే ఊరికి వెళ్లండి. కొండ మీద పాస్టరు జాన్ ర్యాంకిన్ ఇల్లు ఉంది, అందరూ దానిని చూసి ఫోటోలు దిగి వెళ్లిపోతారు. కింద నది ఒడ్డునే జాన్ పార్కర్ ఇల్లు ఉంది, అక్కడ జనం తక్కువ. పార్కర్ ఎనిమిదేళ్ల వయసులో అమ్ముడుపోయి, 1845లో 1,800 డాలర్లు కట్టి తనను తాను కొనుక్కున్న నల్లజాతి మనిషి. ఇనుప పోత కర్మాగారం పెట్టుకుని, తాను కనిపెట్టిన యంత్రాలకు పేటెంట్లు పొంది, చీకటి పడ్డాక పడవలో కెంటకీ ఒడ్డుకు పోయి మనుషులను దాటించేవాడు. మీ గదిలో అధికారుల ఫోటోలు, శాలువాల ఫోటోలు మొదటి గోడకు ఎక్కితే, చూసేవారికి బట్టీలో ఉన్నవారు ఎవరో వచ్చి ఎత్తుకుపోయేదాకా కదలకుండా కూర్చున్నారని అనిపిస్తుంది. మొదటి ఫిర్యాదు ఎవరు చేశారు? ఫోను ఎవరి దగ్గర ఉండేది? అది కనుక్కోండి.

ఎలా బయటపడ్డారో చెప్పవచ్చునా అన్నదానికి జవాబు, బానిసత్వం నుంచి తప్పించుకుని రచయితగా పేరు పొందిన ఫ్రెడరిక్ డగ్లస్ దగ్గర ఉంది. 1845లో అచ్చయిన ఆత్మకథలో ఆయన తాను తప్పించుకున్న విధానం చెప్పలేదు. చెబితే ఆ దారి వెనుక వచ్చేవారికి మూసుకుపోతుందని రాశాడు, రహస్యంగా చేయవలసిన పనిని చాటుకునే మిత్రులను కూడా తప్పుపట్టాడు. 1838 సెప్టెంబరు 3న నావికుడి వేషంలో, అరువు తెచ్చుకున్న పత్రంతో బాల్టిమోర్‌లో రైలెక్కిన సంగతిని పూర్తిగా బయటపెట్టింది 1881లో, అంటే బానిసత్వం రద్దయిన పదహారేళ్లకు. 1849లో హెన్రీ బ్రౌన్ అనే ఆయన చెక్కపెట్టెలో పార్సిలుగా రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకు 27 గంటలు ప్రయాణం చేసి బయటపడ్డాడు. ఆ పెట్టెను పంపిన మనిషి అదే ఏడాది మరికొందరిని అలాగే పంపబోయి పట్టుబడి జైలుకు పోయాడు. మీ జిల్లాలో బట్టీలు ఇంకా ఉన్నాయి కాబట్టి డగ్లస్ పాటించిన జాగ్రత్త మీకూ వర్తిస్తుంది.

జవాబు (చిత్తూరు, న్యాయవాది)

పై మిత్రుడు చెప్పిన వాటితో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, అధికారుల పాత్రను మరీ చిన్నది చేయడం న్యాయం కాదు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు మన రాష్ట్రంలో పట్టుబట్టి పని చేయకపోతే ఈ చట్టం చాలాకాలం కాగితం మీదే ఉండేది.

చట్టం విషయం గోడ మీద తప్పుగా రాస్తారేమోనని భయపడి కొంచెం వివరంగా రాస్తున్నాను. బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన బానిసత్వ రద్దు చట్టం ఈస్టిండియా కుంఫిణీ ఏలుబడిలో ఉన్న మన ప్రాంతాలకు వర్తించలేదు. వర్తించిన చోట్ల కూడా 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు వెళ్లింది, బానిసలుగా ఉన్నవారికి ఏమీ దక్కలేదు. మనకు 1843లో వచ్చిన ఐదవ చట్టం, ఒక మనిషి మీద యజమానికి హక్కు ఉన్నదనే వాదనను కోర్టులు వినరాదని మాత్రమే చెప్పింది. బానిసగా కొనడాన్ని, అమ్మడాన్ని నేరంగా చేసింది 1860 నాటి శిక్షాస్మృతి, అది 1862 జనవరి 1 నుంచి అమలైంది. రాజ్యాంగపు 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అప్పు పేరిట మనిషిని కట్టివేయడాన్ని విడిగా పట్టించుకున్నది 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం, ఇది 1975 అక్టోబరు 25 నుంచి వర్తిస్తుంది. ఆ రోజుతో అలాంటి అప్పులన్నీ రద్దయినట్లే. 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని కూడా బలవంతపు పనే అవుతుందని తీర్పు చెప్పింది.

మీ గదిలో పక్కపక్కన పెట్టదగిన రెండు చట్టాలు నాకు తోస్తున్నాయి. అమెరికాలో 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. దాని ప్రకారం, పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. అతడిని యజమానికి అప్పగిస్తే కమిషనరుకు 10 డాలర్లు, వదిలిపెడితే 5 డాలర్లు ముట్టేవి. మన 1976 చట్టంలో 15వ సెక్షను దానికి సరిగ్గా తలకిందులు: ఇది వెట్టి అప్పు అని పనివాడు చెబితే చాలు, కాదని రుజువు చేయవలసిన బాధ్యత అప్పిచ్చినవాడిదే. ఈ ఒక్క తేడా పిల్లలకు అర్థమైతే మిగిలిన సెక్షన్లు గోడకెక్కించనవసరం లేదు.

విడిపించినప్పుడు అధికారులు ఇచ్చే విముక్తి పత్రాల గురించి ఒక హెచ్చరిక. అసలు పత్రాలను గదిలో పెట్టవద్దు, లామినేషను అసలే చేయించవద్దు. 2016 నాటి కేంద్ర పథకం కింద పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, తీవ్రమైన కేసులలో 3 లక్షల రూపాయల పునరావాస సాయం ఉంది. అందులో పెద్ద భాగం ముద్దాయికి శిక్ష పడటంతో ముడిపడి ఉంది కాబట్టి ఆ కాగితం అవసరం ఎప్పుడైనా రావచ్చు. పేర్లు, ఊరు, యజమాని పేరు కప్పివేసిన నకళ్లు పెట్టండి. కేసు నడుస్తుంటే యజమాని పేరు రాయడం మీకు, సాక్షులకు ఇద్దరికీ చేటు. అంగీకారం మాటకొస్తే, ఒక్కసారి వేలిముద్ర వేయించుకుని అయిపోయిందనుకోవద్దు. ఎప్పుడు వద్దన్నా ఆ వస్తువును ఆ రోజే తీసివేస్తామని ముందుగా చెప్పండి. వేలిముద్ర వేసి మోసపోయిన వారితో వ్యవహరిస్తున్నారని మరచిపోకండి.

మాట విషయంలో నాకు సందేహం లేదు. చట్టంలో ఉన్న మాట వెట్టిచాకిరి, అదే వాడాలి. బానిసత్వం అంటే రేపు ఎవరైనా ఇక్కడ సంతలో మనుషులను అమ్మలేదు గదా అని వాదిస్తారు.

జవాబు (సూళ్లూరుపేట)

లాయరుగారు అమ్మలేదు గదా అన్న మాటకు చిన్న సవరణ. చంద్రగిరి, వేలూరు రాజధానులుగా ఏలిన విజయనగర రాజు వేంకటపతి దేవరాయల అనుమతితో 1610లో డచ్చివారు మా ప్రళయకావేరి సరస్సు ఒడ్డున పులికాటులో స్థిరపడ్డారు, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. బట్టలతో పాటు మనుషులను కూడా ఆ తీరం నుంచి బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఓడలలో పంపారు. కరువు వచ్చిన ఏళ్లలో, తిండి లేక తమను, తమ పిల్లలను అమ్ముకున్నవారే ఆ ఓడలు ఎక్కినవారిలో ఎక్కువ. పులికాటులో డచ్చివారి సమాధులు చెక్కడాలతో సహా భద్రంగా ఉన్నాయి. ఓడలెక్కినవారి గుర్తు ఒక్కటీ అక్కడ లేదు. గదిలో ఒక మూల దీనికి చోటు ఇవ్వగలరేమో ఆలోచించండి.

జవాబు (పలమనేరు దగ్గర పుట్టి, ఇప్పుడు చిత్తూరులో)

అయ్యవారికి, మిగిలిన పెద్దలకు నమస్కారం. నేను సాధారణంగా ఇక్కడ చదివి ఊరుకుంటాను. ఈసారి రాయక తప్పలేదు.

మా నాయన జీతగాడు. మా అత్త పెండ్లికి మా జేజినాయన 400 రూపాయలు అప్పు తెచ్చి, దానికి బదులుగా పదకొండేళ్ల మా నాయనను ఒక ఆసామి ఇంట జీతానికి పెట్టినాడు. ఆసామి పేరు, ఊరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. గొడ్లు మేపడం, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడం, చెరకు ఆడేటప్పుడు గానుగ దగ్గర రేయింబవళ్లు ఉండటం ఆయన పని. ప్రతి ఉగాదికి లెక్క చదివేవారు. ఒక ఏటి లెక్క మా నాయనకు నోటికి వచ్చు, నాకు కూడా వచ్చు. ఏడాది జీతం 150 రూపాయలు. 400కు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ చొప్పున 144 పోను మిగిలింది 6. చెప్పులకు 8, జ్వరంతో పడుకున్న రోజులకు కోత 10. అంటే ఏడాదంతా చేసిన తరువాత అప్పు 412 అయింది. పచ్చడి తిన్న చేత్తోనే ఆ లెక్క కింద వేలిముద్ర వేయించుకునేవారు. సంగటికి మాత్రం లెక్క కట్టలేదని, ఆసామి ధర్మాత్ముడని ఊరంతా చెప్పుకునేవారట.

1979లో బెల్లం బండి తోలుకుని మొగిలి ఘాటు మీదుగా చిత్తూరు మండీకి వచ్చినప్పుడు మా నాయన వెనక్కి పోలేదు. దిమ్మెలు దించి, తూకం చూసుకుని, ఎద్దులకు నీళ్లు పెట్టి, పగ్గాలు తోటి బండివాడికి అప్పగించి, ఆ మండీలోనే హమాలీగా చేరిపోయినాడు. గొలుసు లేదు, వేటకుక్కలు లేవు. అంత సులభమైతే ముందే ఎందుకు పోలేదని నేనే చిన్నప్పుడు అడిగినాను. తాను పోతే ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల మీద పడతారని ఆయన భయం, ఆ భయం ఉత్తది కాదు. ఆ వారంలోనే వచ్చి మా జేజినాయన మేకలను తోలుకుపోయినారు. మా నాయన తొమ్మిదేళ్లు ఆ ఊరికి పోలేదు, తన తల్లి కర్మకు కూడా పోలేదు.

లాయరుగారు చెప్పిన చట్టం అప్పటికే నాలుగేళ్లుగా అమలులో ఉంది. ఆ 400 రూపాయల అప్పు ఎప్పుడో రద్దయిందని ఆయనకు చెప్పినవారు లేరు. చాలా ఏళ్ల తరువాత పునరావాసం కోసం ఒక కార్యాలయానికి పోతే, విముక్తి పత్రం లేనివాడివి నువ్వు విముక్తుడివి ఎట్లా అవుతావని అడిగినారు. అందుకే పత్రాలే ప్రమాణంగా గదిని కడతామంటే నాకు బాధగా ఉంది. ఎవరూ వచ్చి విడిపించకుండా తమంతట తాము బయటపడినవారికి ఏ సర్కారు ముద్రా ఉండదు, వారు ఏ గోడకూ ఎక్కరు.

ఇంకొకటి. పట్టణపు ప్రదర్శనలలో నడుము వంచి బరువు మోస్తున్న బొమ్మలను పెడతారు. దయచేసి అది చేయకండి. మా నాయన నడుము వంచినవాడే, కానీ ఎద్దు నడక చూసి దాని జబ్బు చెప్పగలిగినవాడు, బెల్లం పాకం వాసనతోనే దింపే సమయం చెప్పేవాడు. ఆ లెక్కను పెట్టండి, పెద్ద అక్షరాలతో, కూడికలు తీసివేతలతో సహా. బడిపిల్లలు వచ్చి వారే చేసుకుని చూస్తారు.

జవాబు (చిత్తూరు, న్యాయవాది)

పలమనేరు మిత్రులు నన్ను సరిదిద్దారు. కోర్టుకు కావలసిన రుజువునే చరిత్రకు కూడా కావలసిన రుజువుగా భావించి రాశాను. ఫిలడెల్ఫియాలో, పారిపోయి వచ్చినవారికి సాయపడిన విలియం స్టిల్ అనే నల్లజాతి మనిషి తన దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరు, విడిచి వచ్చినవారి వివరాలు రాసుకుని ఆ పుస్తకాలను దాచి ఉంచాడు. 1850లో అలా వివరాలు అడుగుతుండగా ఎదుట కూర్చున్నది తన సొంత అన్న పీటర్ అని తెలిసిందట. ఆ పుస్తకాలకు ఏ సర్కారు ముద్రా లేదు, నేటికీ అవే ప్రమాణం. నోటిమాటను రికార్డు చేసి, తేదీ వేసి, చెప్పినవారికి చదివి వినిపించి ఉంచితే అది కూడా పత్రమే అవుతుంది. మీ నాయనగారి లెక్కను అలా రాయించడానికి వీలైతే నేను వచ్చి రాస్తాను.

ప్రశ్నించినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ అచ్చు వేయించుకుని కాలనీకి పోయి, ఆ నలుగురు పిల్లలతోను, వారి పెద్దలతోను కూర్చుని చదివాము. రెండు సాయంత్రాలు పట్టింది.

ముందు మాట సంగతి. బానిసత్వమా, వెట్టిచాకిరా అని నేను అడిగితే పెద్దవారు రెండింటికీ తల అడ్డంగా ఊపారు. ఒక అవ్వ మాత్రం, మేము అడ్వాన్సులో ఉన్నాము అని చెప్పింది. ఊరిలో ఉన్నాము, పనిలో ఉన్నాము అన్నట్లే అడ్వాన్సులో ఉన్నాము. లాయరుగారికి ఫోను చేస్తే, అసలు సంగతిని కప్పిపెట్టే మాటే అది, బట్టీవాళ్లు నేర్పిన మాట అని అన్నారు. ఆయన చెప్పింది నిజమే. అయినా తలుపు మీద ఆ అవ్వ మాటే రాయాలని పిల్లలు తీర్మానించారు, చట్టం వాడే మాట లోపల, రెండు చట్టాలను పక్కపక్కన పెట్టే చోట ఉంటుంది. సూళ్లూరుపేట మిత్రులు చెప్పిన పులికాటు కథ నాకు చాలా నచ్చింది గాని, నాలుగు వందల ఏళ్ల కిందటి ఓడలు వస్తే మా చిన్న గదిలో బట్టీకి చోటు చాలదు. అందుకోసం పిల్లలను ఒకరోజు పులికాటుకే తీసుకుపోవాలని అనుకుంటున్నాను.

మొదటి ఫిర్యాదు ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఇన్నాళ్లూ ఒక సంస్థ వారని అందరూ చెప్పుకుంటున్నారు. నిజానికి బట్టీ నుంచి జ్వరం మందుల కోసం బయటికి పంపిన ఒక ఇల్లాలు, మందుల అంగడిలో ఫోను అడుక్కుని తన తమ్ముడికి చేసిన ఒక్క కాల్ దానికి మూలం. ఆమె ఒప్పుకుంది గాని, పేరు వద్దంది, ఏ అంగడో కూడా రాయవద్దంది. డగ్లస్ సంగతి నేను చెప్పకముందే ఆమె ఆ మాట అనడం నాకు ఆశ్చర్యం కలిగించింది. కొట్టు యజమానికి ఇప్పటికీ బట్టీవారే పెద్ద ఖాతాదారులట.

పలమనేరు మిత్రులారా, మీ నాయనగారి లెక్కను, ఆయన ఒప్పుకుంటే, ఎడమ గోడకు నిలువెత్తున రాయిస్తాము. పక్కనే కాలనీవారి లెక్క ఒకటి ఉంటుంది, వెయ్యి ఇటుకలకు ఎంత, వారం ఖర్చుకు ఎంత, కోత ఎంత అని పిల్లలు ఇప్పుడే పెద్దలను అడిగి రాసుకుంటున్నారు. మీరు, లాయరుగారు కలిసి వచ్చే ఆదివారం ఏదో చెబితే తిరుపతి బస్టాండు నుంచి నేను తీసుకుపోతాను.

ఇటుక అచ్చును చూపించినప్పుడు ఆ అవ్వ దానిని చేతిలోకి తీసుకుని, ఇది మాది కాదు, మాది దీనికంటే బరువు అని చెప్పి, దీన్ని గదిలో పెడితే నేను ఆ గదిలోకి రాను అని పక్కన పెట్టేసింది. అచ్చును ఇంటికి తెచ్చుకున్నాను. చెదలు పట్టిన గోడకు మందు కొట్టించాక సున్నం వేయడానికి ఎన్నాళ్లు ఆగాలో తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.